బ్యాక్టీరియాకు బొట్టు

నేను పీణ్య పారిశ్రామికవాడలో ఒక చిన్న కంపెనీలో ఊడ్చి తుడిచే పని చేస్తాను. అక్కడ తవుడులో బ్యాక్టీరియాను పెంచి, బట్టలకు పట్టిన గంజి వదలగొట్టే ఎంజైమ్ తయారుచేస్తారు. పోయిన ఆయుధ పూజకు యంత్రాలన్నిటికీ పసుపు, బొట్లు పెట్టమన్నారు. తవుడు జాడీలు ఏం పాపం చేశాయని, వాటి మూతికున్న దూదికీ తడి పసుపు రాసేశాను.

ల్యాబ్ చూసుకునే సుమ కెవ్వుమంది. "పసుపు తగిలితే బ్యాక్టీరియా చచ్చిపోతాదక్కా! రేపు బట్టల మిల్లువాళ్లు చూసేకి వస్తా ఉండారు. ఇది చెడితే ఆర్డర్ పోతాది!"

"బొట్టు పెట్టి చంపేస్తినా తల్లీ?" అన్నాను.

మర్నాడు మిల్లువాళ్లు రాకముందే సుమ గంజినీళ్లలో అయోడిన్ వేస్తే నీలంగా మారాయి. అందులో జాడీలోని రసం పోసింది. ఇద్దరం వంగి చూశాం. గంజి విరిగి నీలం మెల్లగా పలచబడి, నీళ్లు తేటపడ్డాయి.

"బతికే ఉండాయక్కా! పూజ చేయించుకొని ఇంకా జోరుమీద ఉండాయి!" అని సుమ నన్ను వాటేసుకుంది.

కంటికి కనిపించని ప్రాణాల కోసం అంత భయపడతానని నేనెప్పుడూ అనుకోలేదు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఈ ఏడు పండగకు ముందే నా చేత్తో ఒక చీటీ రాసి జాడీల అరకు అంటించాను: "వీళ్లకు దూరంనుంచే దండం పెట్టండి."