మేనకోడలికి సిగ్రున్ పేరు

ఆ రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాల్లో నేను చదవనిది లేదు. మా అక్క కూతురికి ఎక్కడో ఉత్తర దేశాల పురాణంలోని వీరనారి పేరు పెట్టించిందీ నేనే. (పుస్తకాల మాట కాస్త పెంచి చెప్పాను. చదివింది నిలబడి, కొనకుండా, అమ్మేవాడు చూసేదాకా.)

నాంపల్లి చర్చిలో ఆరాధన ముగించుకుని వస్తూ ఒకరోజు అట్ట ఊడిన లావుపాటి పుస్తకం తెరిస్తే సిగ్రున్ కనిపించింది. గుర్రమెక్కి ఆకాశంలో పోతుంది, ఇష్టంలేని పెళ్లి కాదని కోరుకున్న వీరుణ్ణి తనే వెతుక్కుంటుంది. తర్వాతేమైందోనని పేజీ తిప్పబోతే, "అన్నా, కొంటవా, గీడనే కాపురం పెడ్తవా?" అన్నాడు అమ్మేవాడు. కింద పెట్టేసి వచ్చాను.

కథ విని అక్క మురిసిపోయింది. అడ్డం పడింది మెదక్ నుంచి వచ్చిన వాళ్లత్తగారు. ఆ పేరుగలామె ఎట్లా బతికితే బిడ్డ కూడా అట్లాగే బతుకుతుందని ఆవిడ నమ్మకం. "బైబిల్లున్న రూతమ్మ పేరు పెడ్దామంటే ఇనరు. గా పిల్ల ఆఖరికి ఏమైంది, చెప్పు" అంది. నాకేం తెలుసు? "మునిమనవళ్లను ఎత్తుకుంది, అత్తమ్మా" అనేశాను. ఆవిడ సరేనంది.

మరుసటి ఆదివారం నిజం తేల్చుకుందామని పరుగెత్తితే పుస్తకం లేదు. "ఎవరో తీస్కపోయిన్రు" అన్నాడు. కోఠి దాకా వెతికాను. ఆ పిల్ల గతేమిటో తెలియకుండా, నా అబద్ధాన్ని నమ్ముకుని, ఆ పేరు పసిబిడ్డ నెత్తిన పెట్టబోతున్నారు. అయినా బాప్తిస్మం రోజున అయ్యగారు నీళ్లలో చెయ్యి ముంచి "బిడ్డ పేరు?" అనగానే, మేనమామను కదా, చర్చి మారుమోగేలా "సిగ్రున్" అన్నాను.

మొన్న మేనకోడలు ఇదంతా మళ్లీ విని, "మామా, ఇంతకూ ఆమె ఏమైంది?" అంది. ఇప్పటికీ తెలియదని ఒప్పుకుని, ఒక్క పేజీ కోసం వీధులన్నీ తిరిగిన నాలోని ఆనాటి కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకున్నాను. చిక్కుడుకాయలు తుంచుతున్న అక్క తలెత్తకుండానే అంది:

"నువ్వేడ చెప్పినవ్ రా? అయ్యగారు అడిగితే నీ నోరే పెగల్లే. పేరు చెప్పింది నేను. గా పుస్తకం కొనుక్కచ్చింది గూడ నేనే. మొగణ్ణి తన తోడబుట్టినోడే సంపితే ఏడ్సి ఏడ్సి సచ్చిందామె. మా అత్తకు అప్పుడే చెప్పిన. 'బైబిల్ల ఉన్నోళ్లందరు సుఖంగ సచ్చిన్రా బిడ్డా, పెట్టుకో' అన్నది. నీకొక్కనికే చెప్పలే."