కారు గ్యారంటీకి నేను కావలి

మీరు నవ్వుతరని తెలిసే చెప్తున్న. నవ్వుండ్రి. కని ఆఖరిదాక వినుండ్రి, ఎందుకంటే నేను చేసిన తెలివితక్కువ పని ఒక్క గడియల అయిపోయింది గాదు. నెల దినాలు పట్టువట్టి చేసిన. దాంతోని ఒక కొత్త కారు, ఒక మెకానిక్కు, ఒక మిరపకాయల లారీ, మా మామ, అందరు ఆగమైన్రు. కారణం ఒక్కటే. ఆ ఇంట్ల నా ఒక్కదానికే ఇంగ్లీషు వచ్చు.

వచ్చు అంటే మరీ అంత వచ్చని గాదు. బి.ఏ.ల ఇంగ్లీషు పేపరు నాకు రెండోసారికి పాసయ్యింది. ఈ ముచ్చట పెండ్లప్పుడు ఎవ్వలడగలె, నేను చెప్పలె. హన్మకొండల చదువుకున్న పిల్ల దేవరుప్పులకు కోడలుగ వస్తున్నదంటే అత్తగారింటోళ్లకు నేను సగం కలెక్టరు లెక్క కనవడ్డ. ఆ సగాన్ని నిలవెట్టుకునేందుకు నేను ఎంతకైనా తెగించేదాన్ని.

ఎనభైల నడుమ మా మామ కారు కొన్నడు. అంతకుముందు ఇంట్ల ఒక పాత జీపు ఉండె. దాన్ని పదిహేనేండ్లు నడిపించింది జనగామల షెడ్డున్న మెకానిక్కు యాకూబ్ భాయ్. నడిపించుడంటే స్టీరింగు పట్టుడు గాదు, అది ఎన్నిసార్లు సచ్చిపోతే అన్నిసార్లు దానికి పానం పోసుడు. మామకు ఆయన మీద ఎంత నమ్మకమంటే, తనకు జ్వరమొచ్చినా ముందుగాల యాకూబ్‌కు కబురు పంపి, తర్వాత దవాఖానకు పోయేటోడు.

కారు తోని ఒక పుస్తకం వచ్చింది. మామ దాన్ని రెండు చేతులతోని పట్టుకొచ్చి నాకిచ్చిండు.

"బిడ్డా, గిందుల గ్యారంటీ ఉన్నదట. ఏం జేస్తె ఉంటది, ఏం జేస్తె పోతది, జర చదివి చెప్పు."

ఇగ సూడుండ్రి. దినాం పొద్దుమూకంగ నేను అరుగు మీద కూసుని ఒక్కో పేజీ చదివి అర్థం చెప్పుడు, ఇంటిల్లిపాది ముంగట కూసుని వినుడు. మా అత్తయితే కొంగు తలమీద కప్పుకొని మరీ వినేది. పుస్తకానికి రవిక గుడ్డతోని అట్ట కుట్టిన. బీరువల పట్టుచీరల నడుమ దాచిన. రాని మాట వచ్చినకాడ ఆగితే పరువు పోతదని, నాకు తోచిన అర్థం జెప్పుకుంట పోయిన. సన్న అక్షరాలున్న పేజీలు ఎట్లాగూ కంపెనోళ్ల సొంత ముచ్చట్లే అయి ఉంటయని తిప్పేసిన.

"ఐదొందల కిలోమీటర్లు అయినంక పట్నంల కంపెనీ షెడ్డుకు తీస్కపోవాలె," అన్న. "అప్పటిదాక మెల్లగ నడపాలె. అధికారం లేని మనిషి ఇంజను ముట్టొద్దు. ముడితే గ్యారంటీ పాయె."

"అధికారం లేని మనిషంటే?" అని మా ఆయన అడిగిండు.

"కంపెనీ మనిషి గానోడు."

"యాకూబ్ భాయ్ గూడనా?"

"పుస్తకంల ఆయన పేరు లేదు."

మామ తల ఊపిండు. ఆయన దస్తావేజులు చదవకుంట యేలుముద్ర వేసి ఆగమైనోళ్లను చానమందిని చూసిండు. కాయిదంల ఉన్నదంటే ఆయనకు అది రాతి మీద గీసినట్టే. కిలోమీటర్లు తొందరగ అయిపోవద్దని నేను కారును బయటికి గూడ ఎక్కువ తియ్యనియ్యలె. నెల దినాల్ల అది రెండుసార్లు జనగామ పోయొచ్చింది, అంతే. తక్కిన దినాలు గడ్డివాము పక్కన కొత్త పెండ్లికూతురు లెక్క ముసుగేసుకొని నిలవడ్డది.

నెల దాటినంక ఒకనాడు పొద్దుగాల మానుకోట దిక్కు నుంచి మనిషి వచ్చిండు. మామ అక్కకు పానం బాగలేదు, తమ్మున్ని చూడాలంటున్నదని చెప్పిండు. ఆమెను మేము పెద్దవ్వ అంటుంటిమి. తల్లి పోయినంక మామను సాదింది ఆమెనే. మామ లేసి చెప్పులేసుకున్నడు. దూరం పోవుడని యాకూబ్ భాయ్‌ను గూడ రమ్మన్నడు. ఆయనకు పెద్దవ్వ చేతి అన్నం తిన్న రుణముండె, వెంటనే వచ్చిండు. మా ఆయన నడపవట్టిండు, పక్కన మామ, ఎనక యాకూబ్ భాయ్, నేను. నా ఒడిల గ్యారంటీ పుస్తకం.

పాలకుర్తి దాటి తొర్రూరు దిక్కు పోతుంటే కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. చుట్టూర కోసిన చేన్లు, నెత్తిన ఎండ. యాకూబ్ భాయ్ దిగి, అంగీ చేతులు మడుచుకుంట ముంగటికి పోయి, ఇంజను మూత మీద చెయ్యి వెట్టిండు. నేను ఉరికి, చేతులు చాపి అడ్డం నిలవడ్డ.

"భాయ్, ముట్టకు."

"చూస్త అంతే అమ్మా."

"చూసుడు గూడ ముట్టుడే. మూత లేస్తది గద."

ఆయన మామ దిక్కు చూసిండు. మామ నా దిక్కు చూసిండు. నేను పుస్తకం తెరిచి ఆ వాక్యం ఇంగ్లీషుల ఒకసారి, తెలుగుల ఒకసారి చదివిన. నడి రోడ్డు మీద, పిట్ట గూడ లేని చోట, గొంతు పెంచి చదివిన.

"పదిహేనేండ్ల సంది ఈ ఇంటి బండికి నాదే అధికారం పటేలా," అన్నడు యాకూబ్ భాయ్, మెల్లగ.

మా ఆయన నా దగ్గరికొచ్చి, "ఒక్కసారి చూడనియ్యరాదు? అవుతల పెద్దవ్వ..." అన్నడు.

"ఆయన ముట్టినంక రేపు ఇంజను పోతే కంపెనోళ్లు మనల గడప తొక్కనిస్తరా?"

మామ తువ్వాలతోని మొకం తుడుచుకున్నడు. తొర్రూరు పొయ్యే తొవ్వ దిక్కు చానాసేపు చూసి, "చదువుకున్న పిల్ల చెప్తున్నది. యాకూబ్, ఉండనియ్," అన్నడు.

యాకూబ్ భాయ్ మడిచిన చేతులు ఇప్పుకున్నడు. ఆ ఇప్పుకునుడు నాకు ఇప్పటికీ కండ్లల్ల మెదుల్తది. అప్పుడు మాత్రం గెలిచిన అనుకున్న.

ఒక బస్సు వచ్చింది, జనం కిటికీలకు యాలాడుతున్నరు, ఆగలె. ఇంకోటి రానే లేదు. పొద్దు జర వాలినంక ఎండుమిరపకాయల బస్తాల లారీ ఒకటి ఆగింది. డ్రైవరు పక్కన సందు లేదు. కొత్త కారు కొన్న పటేలు, ఆయన కొడుకు, కలెక్టరు లెక్క కోడలు, ముగ్గురం బస్తాల మీదికెక్కినం. యాకూబ్ భాయ్ కారుకాడ ఉంటనన్నడు.

మానుకోట దాక తుమ్మినం. ఒకలు ఆపితే ఒకలు మొదలువెట్టుడు. మామ ఏదో చెప్పబోతడు, తుమ్ము వస్తది, మళ్ల చెప్పబోతడు, మళ్ల తుమ్ము. బహుశ నన్ను తిట్టబోయిండేమో, మిరపకాయలు కాపాడినయి. పెద్దవ్వ ఇంటికి చేరేవరకు మా ముగ్గురి కండ్లు చింతనిప్పులైనయి. వాకిట్ల ఉన్న ఆడోళ్లు మమ్మల్ని చూసి, "పాపం, తొవ్వంత ఏడ్సుకుంటనే వచ్చిన్రు," అని వాళ్లు గూడ ఏడ్వవట్టిన్రు.

పెద్దవ్వ తెలివితోనే ఉండె. తమ్ముని చెయ్యి పట్టుకున్నది.

"తమ్మీ, కారు కొన్నవంట గద. ఏది?"

"తొవ్వల ఆగిందక్కా."

"ఎందుకాగింది?"

"దానికి గ్యారంటీ ఉన్నదక్కా," అన్నడు మామ.

పెద్దవ్వ నవ్వింది. పండ్లు లేని నోటితోని, దగ్గుకుంట, మంచం ఊగేటట్టు నవ్వింది. "బాగైనంక నన్ను దాన్ల ఒకసారి టేషను దాక తిప్పాలె. రైలు కట్ట చూసి చానా దినాలైంది," అన్నది.

తెల్లారి మామ నన్ను పక్కకు పిలిచిండు. "బిడ్డా, యాకూబ్‌ను జర చూడమందమా? అక్క కారు అడుగుతున్నది."

ఇగ వినుండ్రి నా జవాబు. "ఇంతదాక కాపాడినం మామా. ఇప్పుడు ముట్టనిస్తె అంత గంగల కలుస్తది."

మామ సరే అన్నడు. మా ఆయన పోయి, కారును ట్రాక్టరుకు తాడుగట్టి జనగామ దాక గుంజుకపోయిండు. ఆడికెల్లి లారీల ఎక్కించి పట్నం పట్టుకపోయిండు. మూడోనాడు పొద్దుగాల పెద్దవ్వ పోయింది. కారు రాలె.

పెద్దవ్వ దినాలు జేసినంక పట్నంల కారు తెచ్చుకునేందుకు నేను గూడ పోయిన. పుస్తకం నా చేతుల ఉంటనే పని అయితదని నా నమ్మకం. కంపెనీ షెడ్డుల ఉన్నాయన నడీడు మనిషి, మర్యాదస్తుడు. మూత లేపి మాకు చూపించిండు.

"ఒక వైరు ఊడిందమ్మా. రోడ్డు కుదుపులకు ఊడుతది. మళ్ల తోస్తె అయిపాయె." తోసి చూపించిండు. ఇంజను మంచిగ స్టార్టయింది.

"గింతేనా?" అన్నడు మా ఆయన.

"అంతే. ఎవరైనా తొయ్యొచ్చు. దీనికి గ్యారంటీకి ఏం సంబంధం లేదు. లోపల భాగాలు ఇప్పితేనే ఆ మాట."

నేను ఊకుంటనా? "అయినా మేం ఎవ్వల ముట్టనియ్యలేదు సార్. మా గ్యారంటీ భద్రంగ ఉన్నది గద," అని పుస్తకం ముంగట వెట్టిన.

ఆయన రవిక గుడ్డ అట్టను ఒకసారి చూసి, నేను తిప్పేసిన సన్న అక్షరాల పేజీ తీసిండు. "మొదటి సర్వీసు ఐదొందల కిలోమీటర్లకు, లేకుంటే నెల దినాలకు. ఏది ముందయితే అది. మీ కారు తిరగనే లేదు, నెల మాత్రం ఎప్పుడో దాటింది. రోడ్డు మీద ఆగిన దినానికే ఇది చెల్లకుంట అయింది."

అంటే ఆ ఎండల నేను చేతులు చాపి కావలిగాసింది, అప్పటికే లేని గ్యారంటీకి.

వచ్చేటప్పుడు జనగామల షెడ్డుకాడ నేనే ఆపమన్న. యాకూబ్ భాయ్ ఒక లారీ కింది నుంచి బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంట, "కైసా హై? మంచిగ నడుస్తున్నదా అమ్మా?" అని అడిగిండు.

"భాయ్, వైరు ఊడిందట."

"అవును. దాని దగ్గు వింటనే సమజైంది నాకు."

"మరి మేం లారీ ఎక్కినంక నువ్వు తొయ్యొచ్చు గద. కారు తెచ్చి పెద్దవ్వకు చూపెట్టొచ్చు గద."

ఆయన మామూలుగనే చెప్పిండు. "నాగ్గూడ మనసుల గుంజిందమ్మా. రెండుసార్లు లేసిన. కని మీరు కాయిదం చదివిన్రు. నేను చదువురానోన్ని. నాకు తెల్వనిది అండ్ల ఏమన్న ఉన్నదేమో, నేను ముడితే నిజంగనే ఏమన్న అయితదేమో అని భయమైంది. నా జిందగీల బండిని చూసి భయపడుడు అదే మొదటిసారి."

రెండోసారికి పాసైన నా ఇంగ్లీషు, ముప్పై ఏండ్ల పనితనమున్న మెకానిక్కును తన చేతులను తానే నమ్మకుంట జేసింది. "తప్పయింది భాయ్," అన్న. "అరె, ఛోడో అమ్మా, పోనియ్యి," అని ఆయన మళ్ల లారీ కిందికి పోయిండు.

మామ నన్ను ఒక్క మాట అనలె. పెద్దవ్వ నెలమాసికం నాడు కారును మానుకోట టేషను దాక యాకూబ్ భాయ్‌తోని తోలించుకొని పోయి, రైలు కట్ట పక్కన కొద్దిసేపు కూసుని వచ్చిండట, అంతే. ఆ తర్వాత ఏడాదికి ఇంట్లకు ఫ్రిజ్ వచ్చింది. దాంతోని గూడ ఒక పుస్తకం వచ్చింది. మామ దాన్ని మునుపటి లెక్కనే రెండు చేతులతోని తెచ్చి నాకిచ్చిండు.

"చదువు బిడ్డా. మంచిగ చదువు. నాకు మాత్రం చెప్పకు."

అందుకే నలుగురి ముంగట ప్రమాణం జేస్తున్న. ఇగ నా ఇంటికి ఏ మిషిను వచ్చినా దాని పుస్తకం సన్న అక్షరాల కాడినుంచి మొదలువెడత. తెల్వని మాటకు తెల్వదనే అంట. పని తెలిసినోని చెయ్యికి అడ్డం నిలవడ. ఎవలన్న మనకోసం ఎదురుచూస్తున్న ఇంటికి పొయ్యేటప్పుడు, గ్యారంటీ పుస్తకాన్ని బీరువల పెట్టి తాళమేసి, ఉత్త చేతులతోని పోత.