గంగక్క వేయని చాటింపు

గంగక్క తప్పెటకు ముందు నిప్పు చూపించాలి. ఇంటి ముందు గుప్పెడు వేరుశనగ పొట్టు పోసి అంటిస్తుంది. ఆ సెగకు తోలు బిగుసుకుంటుంది. వేలితో ఒకసారి మీటి, చెవి దగ్గర పెట్టుకుని, దూరంగా ఎక్కడో వాన పడుతున్న చప్పుడు వింటున్నట్టు కళ్లు మూసుకుంటుంది. బెళుగుప్ప దాటాక వచ్చే ఆ ఎర్రమట్టి ఊళ్లో అలాంటి చప్పుడు నిజంగా విని రెండేళ్లు దాటింది.

మొగుడు ఆంజినప్ప ఊరి చాటింపు మనిషి. ఆయన పోయాక ఆ తప్పెట ఆమె భుజానికెత్తుకుంటే ఊరు నవ్వింది. ఆమె ఏడు మలుపుల దగ్గర ఆగి ఏడుసార్లు అరిచింది. ఏడో మలుపుకు నవ్వులు ఆగిపోయాయి. నీళ్ల ట్యాంకరు వచ్చినా, పశువులకు సూదులు వేసేవాళ్లు వచ్చినా, గ్రామసభ పెట్టినా ఊరికి ఆ గొంతే చెప్పాలి. దండోరా వేశానని పంచాయతీ రిజిస్టరులో ఆమె వేలిముద్ర పడితేనే ఆ సభ చెల్లుతుంది.

ఆంజినప్ప ఆమెకు ఒక కట్టుబాటు అప్పగించి పోయాడు. చావు దరువు మోగిన రోజు తప్పెట మీద చాటింపు దరువు పడకూడదు. పోయిన మనిషి ఆ చప్పుడు పట్టుకునే నడుస్తాడట. మధ్యలో ఇంకో కబురు కలిస్తే దారి తప్పుతాడట. ఊళ్లో శవం ఉన్న రోజు ట్యాంకరు వస్తే గంగక్క ఇల్లిల్లూ తిరిగి నోటితో చెప్పేది, తప్పెట ముట్టేది కాదు.

రెండువేల మూడు ఎండాకాలం. కరువు పనులు వచ్చాయి. పనికి ఆహారం జాబితాలో పేరుంటే చెరువు మట్టి మోసి బియ్యం తెచ్చుకోవచ్చు. ఎవరి పేరు ఉండాలో గ్రామసభలో తేల్చాలి.

ఆ గురువారం పొద్దున పంచాయతీ కార్యదర్శి తిప్పేస్వామి రిజిస్టరు చంకన పెట్టుకుని గంగక్క ఇంటి ముందు మోటారు సైకిలు ఆపాడు. హ్యాండిలుకు పార్టీ కండువా చుట్టి ఉంది. సర్కారు ఉద్యోగి మెడలో అది ఉండకూడదు కాబట్టి, బండి మెడకు వేశాడు.

“అక్కా, ఈడ వేలు పెట్టు. పదికి ఎంపీడీవో సారు వస్తాండాడు.”

“ఏముండాదప్పా అందులో?”

“ఏముంటాది! నిన్న గ్రామసభ జరిగినాది, జాబితా ఒప్పుకున్యారు. దానికి నువ్వు సోమవారం దండోరా వేసినావు. అంతే.”

“నిన్న సభ యాడ జరిగినాది?”

“మా పార్టీ నాయకునింట్లో.”

“ఆయప్పింట్లో మీరు నలుగురు కాఫీ తాగితే గ్రామసభ అయితాదా?” అని గంగక్క నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది. “సోమవారమా?”

సోమవారం తెల్లవారుజామున వీరప్ప చచ్చిపోయాడు. ఊళ్లో మోయడానికి మగవాళ్లు లేరు. అందరినీ తిప్పేస్వామే ట్రాక్టర్లెక్కించి పార్టీ మీటింగుకు తోలుకుపోయాడు. రానివాడి పేరు జాబితాలో ఉండదన్నాడు. నలుగురు ముసలివాళ్లు పాడె మోశారు. పది అడుగులకోసారి దించి, రొప్పుతూ కూర్చుని, మళ్లీ లేచారు. వాళ్లు కూర్చున్నప్పుడల్లా గంగక్క దరువు ఆపకుండా కొట్టింది. ఆ దరువు ఒక్కటే వీరప్పను కింద పడకుండా పట్టుకున్నట్టు కొట్టింది.

“ఆ పొద్దు నేను చావు దరువు కొట్టినా సారూ. చాటింపు ఎట్లా వేస్తా?”

“ఎవరడుగుతారు? గమ్మున పెట్టు. పెట్టకపోతే జాబితాలో నీ పేరు కొట్టేస్తా. ఈ చాటింపు పని గూడా నీకుండదు.”

గంగక్క లోపలికి వెళ్లింది. చెయ్యి తుడుచుకోవడానికి వెళ్లిందనుకున్నాడు తిప్పేస్వామి. ఆమె తప్పెటతో బయటికి వచ్చి, అతని బండి పక్కనే పొట్టు పోసి అంటించింది. పొగ కండువా చుట్టూ తిరిగి పైకి పోయింది.

“వినండప్పో! సోమవారం నేను చాటింపు వేయలేదు! నిన్న సభ జరగలేదు! జరిగినాదని రాసినారు! మీ పేరుండాదో లేదో చూసుకుందురు, పంచాయతీ ఆఫీసు కాడికి రాండప్పో!”

ఏడు మలుపులు తిరిగేసరికి ఊరు ఆమె వెనక ఉంది. ముందు ఆడవాళ్లు, వాళ్ల వెనక సోమవారం ట్రాక్టరెక్కిన మగవాళ్లు తల వంచుకుని.

ఎంపీడీవో అప్పుడే జీపు దిగి తిప్పేస్వామి బండి పక్కన నిలబడ్డాడు. గుంపును చూసి పార్టీ గొడవ అనుకున్నాడు. “పార్టీ మాటలు ఆఫీసు దగ్గర వద్దమ్మా,” అన్నాడు.

“ఆ మాట మీ తిప్పేస్వామికి సెప్పండి సార్. బండికి ఏం కట్టుకోనుండాడో చూడండి.”

జనం గొల్లుమన్నారు. తిప్పేస్వామి గబగబా కండువా లాగి జేబులో కుక్కుకున్నాడు. సగమే పట్టింది.

“సార్, ఆమె వేసింది. నేను ఊళ్లోనే ఉంటిని, నా చెవుల్తో విన్యా,” అన్నాడు.

“ఊళ్లో ఉంటివా?” వీరప్ప భార్య బయమ్మ ముందుకు వచ్చింది. ముఖం ఇంకా వాచి ఉంది. “నువ్వు ఊళ్లో ఉంటే నా మొగుని పాడెకు ఒక భుజం పట్టకపోతివి యాలప్పా?”

ఆ రోజు తాను చావు దరువు కొట్టానని, అందుకే చాటింపు వేయలేదని గంగక్క ఎంపీడీవోకు చెప్పింది.

చావు రోజు చాటింపు వేయకూడదని ఏ రూల్లో ఉందని ఎంపీడీవో అడిగాడు. బయమ్మ జనం వైపు తిరిగింది.

“సోమవారం ఈ ఊరు విన్యది నా మొగుని దరువు. దానెనక ఇంకో దరువు విన్యోళ్లుంటే చెయ్యెత్తండప్పా. ఆయప్ప దారి తప్పినాడని నేనూ తెలుసుకుంటా.”

ఒక్క చెయ్యి లేవలేదు. జాబితాలో పేరున్నవాళ్లూ ఎత్తలేదు. నాయకుని అన్నదమ్ములూ ఎత్తలేదు. గాలికి గడప మీద ఎర్రదుమ్ము కదిలింది.

ఎంపీడీవో కాసేపు జనాన్ని, కాసేపు జేబులోంచి వేలాడుతున్న కండువాను చూశాడు. పెన్ను తీసి ఆ పేజీకి అడ్డంగా గీత గీశాడు. “శనివారం పది గంటలకు ఇక్కడే సభ. దండోరా వేయించండి,” అని జీపెక్కాడు.

జీపు మలుపు తిరిగాక తిప్పేస్వామి పళ్లు కొరికాడు. “నువ్వు వేయొద్దు. నేను వేరేవాన్ని పిలుస్తా.”

“పిలుచుకోప్పా. నోరు వానిది, తప్పెట నాది. ఇయ్యను.”

ఇంటికి పోలేదు గంగక్క. తోలు ఇంకా వేడిగానే ఉంది. మొదటి మలుపు దగ్గర ఆగి గొంతెత్తింది.

“వినండప్పో! శనివారం పొద్దున పది గంటలకు గ్రామసభ! ముసలోళ్లు, ఆడోళ్లు, పేరు లేనోళ్లు అందరూ రాండి! ఆఫీసర్లు కండువాలు ఇంట్లో పెట్టి రావల్లప్పో!”

చివరి మాట ఎవరూ చాటమనలేదు. మిగిలిన ఆరు మలుపుల దగ్గరా దాన్నే ఇంకొంచెం గట్టిగా అరిచింది.