ఉల్లిరసం డాక్టరు

బడిలో పిల్లలు ఆమెను చాటుగా 'ఎవరన్నారమ్మ' అనేవారు. ఆమె లైబ్రరీ టీచరు. ఫోనులో చూసిన ఏ సంగతి చెప్పబోయినా, "ఎవరన్నారు? వాళ్ళకెలా తెలుసు? ఇంకెవరైనా అన్నారా?" అని అడిగి గానీ మాట ముందుకు సాగనిచ్చేది కాదు. ఆకలేస్తోందన్నా "ఎవరన్నారు?" అంటుందని పిల్లల హాస్యం. ఆ పేరు ఆమె చెవిన పడకపోలేదు. విని లోలోపల మురిసిపోయేది.

ఆ మురిపెమే ముంచింది. ఊరికే పాఠం చెబితే పిల్లలకు పట్టదని, ఇంటర్నెట్టులో ఒక దొంగ పేజీని తానే తయారుచేసింది: ఉల్లిరసం తాగితే మూర్ఛ కుదురుతుంది, మాత్రలు మానేయవచ్చు అని. సొంత అక్కకు ఉన్న జబ్బు కనుక వివరాలు వెతుక్కోవలసిన పని లేకపోయింది. బడి ప్రయోగశాలలో గాజుసామాను కడిగే అటెండరుకు తెల్లకోటు తొడిగి ఫొటో తీసి, కింద 'ప్రముఖ వైద్యుడు' అని రాసింది. ఆ మొహాన్ని గుర్తుపట్టి తరగతి తరగతంతా పడీపడీ నవ్వింది. పాఠం పండిందనుకుని ఆమె పేజీని తీసేసింది. ఆ లోపే ఎవరో దాన్ని ఎత్తుకుపోయారు. వారి దగ్గర నుంచి మరొకరు.

అక్కకు ఇస్త్రీ కొట్టు ఉంది. ఒక మధ్యాహ్నం చెల్లెలు అక్కడికి వెళ్ళేసరికి, వేడిబట్టల వాసనను మించి ఉల్లి ఘాటు గుప్పుమంది.

"మాత్రలు మానేశానే," అంది అక్క, చొక్కా మీద నీళ్ళు చిలకరిస్తూ. "ఈ రసంతోనే హాయిగా ఉంది."

అక్క చూపించిన ఫోనులో అటెండరు చిరునవ్వు నవ్వుతున్నాడు.

"అక్కా, అది రాసింది నేనే. పిల్లల పాఠం కోసం. అంతా అబద్ధం."

"నువ్వా! ఉల్లిపాయ తరగడమే రాదు నీకు."

"ఒట్టు."

"అయితే నువ్వు రాసింది చూపించు."

చూపించడానికి ఏముంది? తన పేజీని తానే చెరిపేసుకుంది. మిగిలినవన్నీ ఎవరెవరి పేర్లతోనో ఉన్న నకళ్ళు. వాటి కింద 'నాకు తగ్గింది', 'మా అమ్మకు తగ్గింది' అని ముక్కూమొహం తెలియనివాళ్ళ సాక్ష్యాలు.

"ఎవరన్నారని అడుగుతావుగా, డాక్టరన్నాడు. ఇంకెవరన్నారంటే, ఇదిగో, ఇంతమంది. కాదన్నది నువ్వొక్కదానివే. నీ పాఠం ప్రకారం ఎవర్ని నమ్మాలే?"

తన వేలు తన కంట్లోనే గుచ్చుకున్నట్టయింది. మాత్ర మానితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మునుపొకసారి ఫిట్సు వచ్చి అక్క నేల మీద పడింది. ఈసారి కాలే పెట్టె మీద పడితే?

మర్నాడు బడికి ఒకపూట సెలవు పెట్టి, బతిమాలి బామాలి అటెండరునే వెంటబెట్టుకొచ్చింది. అతన్ని చూడగానే అక్క ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, కుర్చీ తుడిచి వేసింది.

"డాక్టరుగారూ! మా కొట్టుకి మీరొచ్చారా!"

"నాకింత మర్యాద మా ఇంట్లో కూడా లేదమ్మా," అన్నాడతను చెమట తుడుచుకుంటూ. "కానీ నేను డాక్టర్ని కాను. బడిలో గాజుసామాను కడుగుతాను. ఈ టీచరమ్మే కోటు తొడిగించింది. మాత్రలు వేసుకోండి తల్లీ, మీకు పుణ్యముంటుంది."

అక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె కళ్ళలో జాలి నిండింది. అది అతని మీద.

"మందుల కంపెనీలు ఇలాంటి డాక్టర్లను తరిమేసి, కూలిపనికి దిగజార్చాయని ఆ పేజీ కిందే రాశారెవరో. నిజమేనన్నమాట." చెల్లెలి వైపు తిరిగింది. "ఎంత బెదిరించావే ఈ పెద్దమనిషిని?"

అటెండరు మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఇక ఆధారాల్లేవు, సాక్షుల్లేరు. చెల్లెలు బట్టల మూట మీద కూలబడింది. ఎన్నడూ అడగని ప్రశ్న అప్పుడు ఆమె నోట వచ్చింది.

"మాత్రలు మానేశాక ఏం బాగుందక్కా?"

అక్క కుర్చీని గోడవారకు జరిపింది. "మెలకువగా ఉన్నానే. అవి వేసుకున్నన్నాళ్ళూ నిలబడే నిద్రపోయాను. ఎన్ని చొక్కాలు మాడ్చానో, ఎంతమందితో మాటలు పడ్డానో నీకేం తెలుసు? ఆ పేజీ ఒక్కటే మానెయ్యమంది. మీరంతా వేసుకోమన్నవాళ్ళే."

"మత్తు రాని మందు ఉందేమో. రేపు ఆసుపత్రికి వెళ్ళి అడుగుదాం. నేనూ వస్తాను."

"వచ్చి? అక్కడ కోటు వేసుకుని కూర్చున్నవాడు నిజం డాక్టరేనని నాకేంటి నమ్మకం? నువ్వు చెప్పావనా?"

పిల్లలకు నేర్పిన ప్రశ్నలేవీ అక్కరకు రాలేదు. బడికి తిరిగి వెళ్ళే వేళ దాటిపోయింది. అక్క మళ్ళీ పెట్టె అందుకుంది. ఆవిరి బుస్సుమంది. చెల్లెలు లేచి వెళ్ళి, అక్క పడబోతే, తన చెయ్యి కాలినా పట్టుకోగలిగేంత దగ్గరగా నిలబడి, కన్నార్పకుండా ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.

"అడ్డం లేవే," అంది అక్క.

ఆమె కదల్లేదు.