కింద నుంచి కనబడే పడవలు

2022 వేసవి. భావనపాడులో గంగమ్మ గుడి మండపానికి కొత్త స్లాబు వేశారు. దాని అడుగున బొమ్మలు వెయ్యమని కాశీబుగ్గలో ఉన్న నన్ను పిలిచారు. ఫ్లెక్సీలొచ్చి సైన్‌బోర్డు రాతలు మూలపడ్డాక గుళ్ల పైకప్పులే నాకు అన్నం పెడుతున్నాయి.

అప్పటికి నాకు రొకోకో అనే పాత యూరప్ చిత్రకళ పిచ్చి పట్టి ఉంది. ఒకప్పుడు యూరప్ చర్చిల్లో పైకప్పు తెరుచుకుని ఆకాశం కనబడుతున్నట్టే వేసేవారు. దేవదూతల పాదాలు పెద్దవిగా, ముఖాలు చిన్నవిగా, కింద నిలబడ్డవాడి కంటికి ఎలా ఆనుతాయో అలా వేస్తారు. దాన్ని ఫోర్‌షార్టెనింగ్ అంటారు. మత్స్యకారుల గుడికి ఆకాశం దేనికి, సముద్రమే వేద్దామనుకున్నాను. నడుమ గంగమ్మ, చుట్టూ నీళ్ల మీద పడవలు, వాటి అడుగులన్నీ మనవైపే. అంత తెలివి నాకొక్కడికే వచ్చిందని తెగ మురిసిపోయాను.

పని జరిగినన్నాళ్లూ నాకు భోజనం ఎండుచేపలమ్మే నూకమ్మ ఇంట్లోనే. కొడుకు ఎర్రయ్య పడవ బోల్తాపడి పోయాడనీ, శవమైనా దొరకలేదనీ ఆవిడే చెప్పింది. పులుసు వడ్డిస్తూ చెప్పింది. నేను తింటూ విన్నాను.

వేట నిషేధం ముగిసి పడవలు సముద్రంలోకి దిగే ముందు పూజ పెట్టారు. అందరూ మెడలెత్తి చూస్తున్నారు, ఫోన్లలో ఫొటోలు తీస్తున్నారు. నూకమ్మ కూడా పైకి చూసింది. చూసి, స్తంభం పట్టుకుని కూలబడిపోయింది.

“ఏమైందమ్మా?” అన్నాను.

“పడవ అడుగు ఇలగ నీళ్లలోంచి ఎవులు సూత్తారు బాబూ? మునిగిపోయినోడే గదా. నా కొడుక్కి ఆకరికి అవుపడింది ఇదేనేటి?”

సిగ్గుతో చచ్చిపోయాను. నేను గొప్పగా చెప్పుకుంటున్నది సరిగ్గా ఆ అడుగుల గురించే.

“రేపే చెరిపేస్తానమ్మా.”

“సెరిపితే మాత్రం? నేను సూసీసినాను గదా. అమ్మోరి సెయ్యొకటి కిందకి సాపించు. పడవ దాటి, ఇక్కడిదాకా రావాల.”

పరంజా మళ్లీ కట్టించి ఆ చెయ్యి వేశాను. ఇప్పుడు టెక్కలి నుంచి కూడా వచ్చి చూస్తున్నారు. “చెయ్యి మన మీదకే వస్తన్నట్టుంది, బలే ఆలోచన మావా!” అని నన్ను మెచ్చుకుంటారు. ఆ మెప్పు నాది కాదని చెబితే, ఎందుకు వేయాల్సి వచ్చిందో కూడా చెప్పాలి. చాలాసార్లు ఆ మెప్పు పుచ్చుకునే వచ్చేస్తాను.

చూసే కన్ను ఎక్కడుంటుందో కొలిచాను గానీ, అది ఎవరి కన్నో ఆలోచించలేదు. ఇప్పుడు ఏ ఊళ్లో పని ఒప్పుకున్నా, ముందు అక్కడ కూర్చునేవాళ్ల సంగతులు అడుగుతాను. నూకమ్మ పూజకొస్తే ఆ చెయ్యి కిందే కూర్చుంటుంది. నేను అటు వెళ్తే ఈరోజుకీ పిలిచి అన్నం పెడుతుంది. తినడానికే నాకు మొహం చెల్లదు.