టమాటా నూగు పట్టించింది

కిడ్నీలో రాళ్లున్నాయని డాక్టరు మా మామయ్యకు టమాటా మాన్పించాడు. ఈ రోజు హుకుంపేటలో ఆయన పెరట్లోంచి వస్తుంటే అత్తయ్యకు అనుమానం వచ్చి చేతులు వాసన చూసింది. టమాటా కాడల మీది సన్నటి నూగులో పురుగుల్ని దూరంగా ఉంచే జిగురుంటుంది. ముట్టుకుంటే వేళ్లకు ఆకుపచ్చ మరక, ఘాటు వాసన అంటుకుంటాయి.

“ఎన్ని తిన్నావు? నిజం సెప్పు!”

“ఒక్కటీ తిన్లేదే! వానకి మొక్కలు పడిపోతే కర్రలు పాతి కట్టినాను.”

అత్తయ్య మెత్తబడి, చూద్దామని పెరట్లోకి వెళ్లింది. మొక్కలన్నీ నిటారుగా ఉన్నాయి. కట్లు మాత్రం, ఆవిడ ఆరేసిన కొత్త చీర పీలికలు.

మామయ్య నాలుగు టమాటాలు తినేసి ఉంటేనే నయమేమో. మీరేమంటారు?