పసుపుకొమ్ముల డబ్బా

మేడ్చల్ స్కానింగ్ సెంటరులో దుర్గాబాయి చేసే పని వినడానికి ఏమంత గొప్పది కాదు. ఛాతీకి సీటీ స్కాన్ తీసే ముందు ఆడవాళ్ల ఒంటి మీది నగలు తీయించాలి. లోహం ఏదున్నా బొమ్మలో గీతలు పడి ఊపిరితిత్తులు సరిగ్గా కనబడవు. గొలుసులూ కమ్మలూ అడిగితే ఇచ్చేస్తారు. పుస్తెలతాడు దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రాణం పోయినా తీసేది లేదంటారు. అందుకే ఆమె పసుపుకొమ్ములు కట్టిన దారాలు ఒక డబ్బాలో ఉంచుకునేది. ముందు అందులోది ఒకటి మెడలో కట్టి, తర్వాత పుస్తెలు తీసేది.

కట్టే మనిషి ముత్తైదువేనా అని ఎవరూ అడగలేదు. నొసటి మీద రూపాయంత బొట్టు కనిపిస్తుంటే ఇంకేం అడుగుతారు? ఆ బొట్టే అబద్ధం. భర్త జంగయ్య మొదటి విడత కరోనాలోనే పోయాడు. పనికొచ్చేటప్పుడు పెట్టుకుని, ఇంటికి పోయేటప్పుడు తుడిచేసుకునేది.

రెండో విడత ముదిరిన ఏప్రిల్‌లో తూంకుంట నుంచి అన్వేష్ తన అక్క రోజారాణిని ఆటోలో తెచ్చాడు. ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. మనిషేమో నాలుగడుగులు వేస్తే ఎగశ్వాస. స్కాన్ కాగితం చూపిస్తేనే మంచం ఇస్తామని, అదీ గంటసేపే ఆపుతామని ఆస్పత్రివాళ్లు తేల్చేశారు. ఆమె భర్త రమేష్ అప్పటికే ఇంకో ఆస్పత్రిలో ఉన్నాడు.

"పుస్తె దియ్య. ఆయన ఆడ కొట్టుకుంటుండు, ఈడ నేను పుస్తె దీస్తనా?" అని రోజారాణి రెండు చేతులతో మెడ పట్టుకుంది.

తమ్ముడితో చెప్పిద్దామని దుర్గాబాయి బయటికొస్తే, అన్వేష్ గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు.

"బావ పోయిండమ్మా. ఇప్పుడే ఫోనొచ్చింది. అక్కకు జెప్పకుండ్రి. తెలిస్తే స్కాన్ బల్ల ఎక్కదు, ఆమె గుడ పోతది."

దుర్గాబాయి మళ్లీ లోపలికి నడిచింది. పోయినవాడి పేరున పసుపు కట్టాలి, కట్టేదేమో తాను. ఇంతకన్నా పాపం ఉంటుందా? ఉంటే ఉండనీ. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారు. పెళ్లికి వెయ్యి చెల్లితే ప్రాణానికి ఒకటి చెల్లదా?

"ముందుగాల కొమ్ము కడ్త బిడ్డా, అటెన్కనే పుస్తె దీస్త. మెడ ఒక్క గడియ గుడ ఉత్తగుండదు. మీ ఆయనకేం గాదు."

రోజారాణి దుర్గాబాయి బొట్టునే చూస్తూ మెల్లగా చేతులు దించింది. కొమ్ము కడుతుంటే ముడి రెండుసార్లు జారింది.

స్కాన్ తీసే అజర్ తెర మీద బొమ్మ చూసి తల పట్టుకున్నాడు. నల్లగా ఉండాల్సిన ఊపిరితిత్తులు రెండు పక్కలా మంచు కమ్మినట్టు తెల్లబడ్డాయి. "జల్దీ తీస్కపోండ్రి" అన్నాడు. గంట దాటకముందే మంచం దొరికింది.

నెల తిరిగాక రోజారాణి వచ్చి దుర్గాబాయి ముందు నిలబడింది. మెడ బోసిగా ఉంది.

"మా ఆయన పోయిండని ఆ దినం నీకెర్కేనా?"

"ఎర్కే, బిడ్డా."

"ఎర్కుండి కట్టినవా? నీ పుస్తె గట్టిగున్నది, నీకేం దెలుస్తది నా గోస."

దుర్గాబాయి తట్టుకోలేకపోయింది. "నా పుస్తె యాడున్నది బిడ్డా? మా ఆయన పోయి పది నెల్లాయె. గీ బొట్టు మీరు నమ్మనీకి పెట్టుకుంటున్న."

ఇన్నాళ్లు దాచుకున్న మాట నలుగురిలో జారిపోయింది. వంతు కోసం కూర్చున్న శామీర్‌పేట ముత్తమ్మ రొప్పుతూనే కొంగు మెడ చుట్టూ బిగించుకుంది. "ఈమె నన్ను ముట్టొద్దు. నేను ఇంటికి పోత" అంటూ లేచింది. ఈ ముసలామె ఇంటికి పోతే బతకదు, ఆ పాపం తన నోటిదే అని దుర్గాబాయి కుమిలిపోయింది.

రోజారాణి డబ్బాలోంచి ఒక దారం తీసి దుర్గాబాయి చేతిలో పెట్టింది. కోపం తగ్గని గొంతుతోనే ముత్తమ్మతో అంది:

"కట్టించుకో పెద్దమ్మా. నాకు గీమెనే కట్టింది. మా ఆయన అప్పటికే పోయిండు. నేనైతే బతికున్న."

ముత్తమ్మ రోజారాణి బోసి మెడ వైపు చూసి, బిగించిన కొంగు వదులు చేసి, మళ్లీ కుర్చీలో కూర్చుంది.